రోజుకు నాలుగుసార్లు

వార్డు ఆఫీసు తరఫున ఇంటింటి పేర్లు రాసుకునే రాధాకుమారి, లేవబోయి ఆగింది. అల్మారా మీంచి నేల దాకా జాలువారిన తీగను చూస్తూ ఉండిపోయింది.

"మా ఇంట్లో ఇలాటివి మూడు సచ్చిపోనాయి దేముడమ్మక్కా. రోజుకి నాలుగుసార్లు నీల్లు సిలకరించాల, ఎండ ఎటు తిరిగితే అటు కుండీ జరపాల. నువ్వేమో పొద్దున్నే ఏరవతల తన్లిన్లో ఫేక్టరీకి ఎల్తే సీకటి పడ్డాకే వస్తావు. మరి దీన్ని ఎవులు సూస్తన్నారు?"

ఈ ఇంట్లో ఉండేది తానొక్కతేనని దేముడమ్మ ఇప్పుడే రాయించింది.

"ఎవులూ నేరమ్మా. అదే ఎలాగో బతుకుతంది. రేపో మాపో పోద్ది. నువ్వయితే కాసుకుంటావు, పట్టుకుపో," అంటూ కుండీ తీసి ఆమె చేతుల్లో పెట్టేసింది.

రాధాకుమారి మురిసిపోతూ మెట్లు దిగింది.

దేముడమ్మ గడియ వేసి, తలుపుకు ఆనుకుని అక్కడే కూలబడింది.

ఊళ్లో కుర్రాళ్లందరిలాగే తననీ బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోతారని ఎనిమిది నెలలుగా గడప దాటని కొడుకు, బీరువా వెనక నుంచి గుసగుసగా అడిగాడు.

"కుళాయి నీల్లు దానికి పడవని ఆవిడికి సెప్పినావా అమ్మా?"