తెల్ల గౌను

"అమ్మ ఒప్పుకుంది ప్రణీతా. రేపు నా పెళ్ళిలో తోడుపెళ్ళికూతురివి నువ్వే" అంది ముపా ఫోన్లో.

ప్రణీత వంటగదిలోనే ఒక గెంతు గెంతింది. ముపా తనతోపాటు ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. బర్మా నుంచి వచ్చిన కరెన్ జాతి వాళ్ళు. వాళ్ళింట్లో పెళ్ళికూతురి పక్కన బయటి పిల్ల నడవడం ఇదే మొదలు. పైగా తను వేసుకోబోయే గౌను ముపా వాళ్ళమ్మ స్వయంగా నేసింది.

"నేనూ వస్తానుండవే, ఆ నేత చూడాలి" అంటూ తల్లి నళిని చీర మార్చుకొచ్చింది. డిసెంబర్లో విజయవాడలో కూతురి పెళ్ళి. ఈలోగా కొన్నాళ్ళు కూతురి దగ్గరుందామని అమెరికాకి, ఈ నేపర్‌విల్ ఊరికి వచ్చిందావిడ.

ముపా వాళ్ళ హాల్లో పెళ్ళికూతురి తెల్ల గౌను గోడకు వేలాడుతోంది. అలాంటిదే ఇంకోటి ముపా వాళ్ళమ్మ ప్రణీత భుజాలకు ఆనించి చూసింది. పాదాల దాకా తెలుపు, మధ్యలో ఎర్రచారలు, చివర ఎర్ర కుచ్చులు.

"అచ్చం మన మధుపర్కాల్లా ఉందే" అని మురిసిపోయింది నళిని.

ముపా వాళ్ళమ్మ కరెన్‌లో ఏదో అంది. ముపా తలెత్తకుండానే ఇంగ్లీషులో చెప్పింది. "తెల్లది పెళ్ళికాని పిల్లలే వేసుకోవాలి. పెళ్ళయినవాళ్ళకి రంగుల జాకెట్టు, లుంగీ. అమ్మ ఈ విషయంలో చాలా స్ట్రిక్ట్. అందుకే నిన్నోసారి అడగమంటోంది."

 ప్రణీతకి సాక్సుల్లో కాలివేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

పోయిన శుక్రవారమే తనూ, డిసెంబర్లో తాళి కట్టబోయే మానవ్ కోర్టుకెళ్ళి పెళ్ళి రిజిస్టర్ చేయించుకున్నారు. డిసెంబర్ దాకా ఆగలేకపోయారు, అంతే. బయటికొచ్చి ఐస్‌క్రీమ్ తిన్నారు. కార్లోనే మానవ్ ప్రణీత కాళ్ళకి మెట్టెలు తొడిగాడు. సంగతి ఇంకెవరికీ తెలియదు. తాళి కట్టకముందే సంతకాలు పెట్టుకుంటే డిసెంబర్ పెళ్ళికి తను రానని నళిని ముందే తేల్చి చెప్పింది.

"కొంచెం పొట్టిగా ఉందేమో" అంది ప్రణీత.

"నేల ఊడుస్తుంటే పొట్టంటావేమిటే?" అంది నళిని.

"తెలుపు నాకు నప్పదమ్మా."

"నీకు నప్పని రంగేది? నో ప్రాబ్లం ముపా. మా అమ్మాయి అన్‌మ్యారీడే."

ముపా వాళ్ళమ్మ నవ్వుతూ గౌను ప్రణీత తల మీదుగా వెయ్యబోయింది. ఆవిడ వేళ్ళకి నేత కాయలు కాసి ఉన్నాయి. ప్రణీత ఒకడుగు వెనక్కి వేసింది.

"వేసుకోలేను ముపా. నాకు పెళ్ళయిపోయింది."

ముపా ముఖం పాలిపోయింది. మెల్లగా తల్లి వైపు తిరిగి కరెన్‌లో మొదలుపెట్టింది.

నళిని కూతురి ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. "ఈ ఎండల్లో ఇంట్లో కూడా సాక్సులెందుకా అనుకున్నాను. తియ్యి."

ప్రణీత తీసింది. వెండి మెట్టెలు మెరిశాయి.

"ఎవరు పెట్టారు?"

"మానవ్."

నళిని వంగి మెట్టెల్ని పరీక్షగా చూసింది. 

"నడిమివేలికి పెట్టాడేమిటే?" అంది. "బొటనవేలి పక్కదానికి కదా పెట్టాలి." కొంగుతో కళ్ళు తుడుచుకుని కింద కూర్చుంది. "కాలు ఇటు చాపు. డిసెంబర్లో నేను రాకపోతే ఇంకే వేలికి పెడతాడో."

ప్రణీతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తల్లి రెండో మెట్టె కూడా మార్చాక తలెత్తి చూస్తే, ముపా ఇంకా చెబుతూనే ఉంది. వాళ్ళమ్మ తెల్ల గౌను ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూలబడి ఉంది. ఆవిడ ఒకే ఒక్క మాట అని, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"నేనన్నది ఒక్క ముక్కే కదా" అంది ప్రణీత కంగారుగా. "అంతసేపు ఏం చెప్పావు?"

ముపా గోడకున్న తన గౌను తీసి మడతపెట్టసాగింది. "నీది ఒక్క ముక్కలో అయిపోయింది. మిగతాదంతా నా దొంగచాటు పెళ్ళి సంగతే. రేపు ఇద్దరం రంగులవే కట్టుకోవాలట."