నాలుగు జానల టేబుల్

“ఆటలాడే స్క్రీను వేరు, ఆఫీసు పని చేసుకునే స్క్రీను వేరు అంటుండ్రు. నిజమేనా తమ్మీ?”

పంజాగుట్టలోని కంప్యూటర్ల దుకాణం షట్టర్ ఎత్తగానే వాట్సాప్‌కు వచ్చిన వాయిస్ మెసేజ్ అది. దుకాణం ఫోన్ చూసుకునేది లెవీ. సగంలో ఆపి, మళ్ళీ మొదటి నుంచి విన్నాడు.

ఆ గొంతు వాళ్ళ నాన్న దయారత్నానిది.

లెవీ బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అది మాసబ్ ట్యాంక్‌లో ఉన్న వాళ్ళింట్లో వాళ్ళకు తెలిసిన సంగతి. నిజానికి అతను అమీర్‌పేటలో మూడు కోర్సులు చేసి, లెక్కలేనన్ని ఇంటర్వ్యూలకు తిరిగి, ఒక్కటీ దక్కక ఈ దుకాణంలో మానిటర్లు అమ్ముతున్నాడు.

ఒకరోజు నాన్న ముఖం చూడలేక ఉద్యోగం వచ్చిందని నోరు జారాడు. నాలుగు రోజులు పోయాక అసలు మాట చెబుదామనుకున్నాడు. ఆ ఆదివారమే దయారత్నం చర్చిలో లేచి నిలబడి, దేవుడు నా కొడుక్కు ఉద్యోగమిచ్చాడని కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పేశాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. దేవుడి ముందు నాన్న చెప్పిన మాటను అబద్ధం చేయడానికి లెవీకి నోరు రాలేదు. బెంగుళూరు వెళ్తున్నానని బ్యాగు సర్దుకుని బయల్దేరి, యూసుఫ్‌గూడలో ఒక గదిలో దిగాడు.

ఏడాదిన్నర అయింది. నాన్న ఫోన్ చేస్తే ఎత్తడు. మీటింగులో ఉన్నానని మెసేజ్ పెడతాడు.

ఇప్పుడు అదే నాన్న, అదే గొంతు. అవతల ఉన్నది ఎవరో పాపం ఆయనకేం తెలుసు!

లెవీ టైప్ చేశాడు. “నిజమే సర్. ఆటలకైతే బొమ్మ వేగంగా కదలాలి. ఆఫీసు పనికైతే అక్షరం స్పష్టంగా ఉండాలి, కళ్ళు అలసిపోకూడదు. రెంటికీ కుదిరేవి కూడా ఉన్నాయి. ఎవరికోసం సర్?”

పంపాక నాలుక కరుచుకున్నాడు.

“మా అబ్బాయికి. బెంగుళూరుల ఉంటడు. మా చర్చిల ఒకాయన మొన్న మీ కాడ మౌస్ కొన్నడంట, నంబరు ఆయనే ఇచ్చిండు, అమ్మిన పిల్లగాన్నే అడుగుమన్నడు. గీ స్క్రీను ఇంట్లనే పెడత. ఇప్పుడు ఇంటి నుంచే పని చేసుకోవచ్చంట కద. స్క్రీను ఉంటే వస్తడేమో.”

మౌస్ కొన్నది ఎవరో లెవీకి గుర్తు రాలేదు. రోజుకు ఎన్ని ముఖాలని గుర్తుంటాయి? ‘వస్తడేమో’ అన్న మాట మాత్రం గుండెల్లో గుచ్చుకుంది.

అంతలో ఇంకో మెసేజ్. “వాళ్ళమ్మ కిటికీ కాడి టేబుల్ ఖాళీ చేసింది. కొలిచిన, నాలుగు జానలున్నది. ఇరవై ఏడు ఇంచులది పడ్తదా?”

ఆ టేబుల్‌కు ఏ కాలు ఊగుతుందో కూడా లెవీకి తెలుసు. డిగ్రీ పరీక్షల ముందు దాని మీదే ఆటలో మునిగిపోయి ఉంటే, నాన్న వచ్చి కీబోర్డు లాగి నేలకేసి కొట్టాడు.

“పడుతుంది సర్. ఇంకా చోటు మిగులుతుంది.”

“మంచిది. ఒకసారి కోపంల వాడి కీబోర్డు పలగ్గొట్టిన తమ్మీ. వాడు మరిచిపోయిండో ఏమో, నేనైతే మరిచిపోలే. జర ఆటలకు మంచిగుండేదే చూడు. వచ్చి ఆడుకోనీ. ఏమనను.”

కౌంటర్ దగ్గర్నుంచి యజమాని రాఘవేందర్ కేకేశాడు. “ఏంది లెవీ, పొద్దటి సంది ఒక్క కస్టమర్‌నే పట్టుకున్నవ్? కొంటడా, కొనడా?”

“కొంటడన్నా. పెద్దాయన, జర నిదానం.”

కన్నతండ్రిని ఎవరో పెద్దాయన అన్నందుకు లెవీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండు మానిటర్ల ఫొటోలు పంపాడు. ఒకటి ఆటలకని తయారైంది. రెండోది ఆటకూ పనికీ రెంటికీ సరిపోయేది. ఏది దేనికో ఓపిగ్గా రాశాడు.

“నాకేం సమజైతలేదు. ఒక్క మాట చెప్పు తమ్మీ. మీ డాడీ నీకు కొనిస్తనంటే నువ్వు ఏది అడుగుతవు?”

లెవీ ఫోన్ పట్టుకుని వెనక అట్టపెట్టెల గదిలోకి వెళ్ళాడు. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాడు. వింటూ వింటూ ఏడ్చేశాడు.

కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు. “డాడీ, నేను లెవీని. బెంగుళూరు లేదు, ఉద్యోగం లేదు. ఇన్నాళ్ళూ మీకు అరగంట దూరంలోనే ఉన్నా. నన్ను క్షమించండి.” ఇంకా ఏదేదో రాశాడు. కొట్టేశాడు. మళ్ళీ రాశాడు.

పంపే ముందు చర్చి కళ్ళముందు కదిలింది. ఈసారి లేచి నిలబడి నాన్న ఏమని చెప్పుకుంటాడు? ఆ వయసులో ఆయన అందరి ముందూ తల దించుకోవాలా?

రాసిందంతా చెరిపేశాడు.

“రెండోది తీసుకోండి సర్. మీ అబ్బాయికి ఆటకూ పనికీ బాగుంటుంది. అడ్రస్ పంపండి.”

టిక్కులు నీలమయ్యాయి. జవాబు లేదు. లెవీ అన్నం తిన్నాననిపించి వచ్చి మళ్ళీ చూశాడు. లేదు.

మూడు గంటలప్పుడు వాయిస్ మెసేజ్ వచ్చింది. లెవీ ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

“స్క్రీను వద్దులే,” అన్నాడు దయారత్నం. “ఇందాక టైపింగ్, టైపింగ్ అని శానసేపు చూపెట్టింది... డాడీ అని పెడ్తవనుకున్న లెవీ.”