పాత మోడల్

"గా పాత డొక్కు పక్కకు పెట్టుమన్ననా లేదా?" అంటూ కాశీనాథం వేదిక మీదికే వచ్చేశాడు.

తొంభై రెండో సంవత్సరం, సిద్దిపేటలో కాలేజీ వార్షికోత్సవం. తెర లేవడానికి ఇంకా పది నిమిషాలుంది. కాశీనాథం సొంత ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించే దేవదాసు నవ్వి, తన గిటార్‌ను ఇంకాస్త గట్టిగా ఒంటికి అదుముకున్నాడు. పైన రెండు కొమ్ములు, నాలుగు లావు తీగలు, పొట్టకు ఆనేచోట ఒంపుగా చెక్కిన కట్టె, అంచుల్లో నల్లబడిన తేనె రంగు. ముప్పై ఏళ్ల కిందటి రూపం.

కాశీనాథానికి నచ్చనిది అదే. బట్టల దుకాణం నడిపేవాడికి పాత డిజైన్ అంటే అమ్ముడుపోని సరుకే. అందుకే హైదరాబాద్ పోయి కొత్త గిటార్ తెచ్చాడు. దానికి తల లేదు, ఒళ్లు లేదు. ఎర్రగా, అగ్గిపెట్టెకు కర్ర గుచ్చినట్టుంది. జనం దాన్ని చూసి నోరు తెరవాలని అతని కోరిక.

పాతదాన్ని లాక్కుని, కొత్తది దేవదాసు మెడలో వేశాడు.

మొదటి పాట సగానికి రాకముందే తాళం తప్పింది. దేవదాసు వేళ్లు తడుముకున్నాయి. డ్రమ్స్ వాయించే భిక్షపతి చేతుల మీదే చూపు నిలిపినా లాభం లేకపోయింది. పాటదొక దారి, గిటార్‌దొక దారి. వెనక వరసల్లోంచి ఈలలు మొదలయ్యాయి. కాశీనాథానికి తల తీసేసినట్టయింది. పాట ఆపించి, మైకు ముందే అరిచాడు.

"ముప్పై ఏండ్ల సంది వాయిస్తున్నవ్, గిదేనా నీ పనితనం? దిగిపో!"

చేత్తో మెట్ల వైపు చూపించాడు. దేవదాసు గిటార్ తీసి మెల్లగా కుర్చీలో పెట్టాడు. అందరికీ దండం పెట్టి దిగిపోయాడు. మిగతా పాటలన్నీ ఉప్పు లేని పప్పులా సాగాయి.

సామాను సర్దుతూ భిక్షపతి ఆ పాత గిటార్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

"సేటూ, పాతదంటవ్ గని, బొంబాయిల ఇయ్యాల్టికి గూడ గిదే రూపు చేస్తున్రు, గిదే కొంటున్రు. కొత్తయి ఎన్నో అచ్చినయ్, పోయినయ్. దీన్ని మొదలు గీసినోడు మనిషి ఒళ్లు చూసి గీసిండు. మార్చెటందుకు ఏం మిగల్లె."

"మరి గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు చెప్పనిచ్చినవా?"

కాశీనాథం తనకంటే పదేళ్లు పెద్దవాణ్ణి అంతమందిలో దిగిపొమ్మన్నాడు. తిరిగి ఒక్క మాట అనకుండా ఆయన పెట్టిన ఆ దండమే కళ్ల ముందు కదులుతోంది. తెల్లారి దుకాణం తెరవబుద్ధి కాలేదు. పాత గిటార్ భుజాన వేసుకుని దేవదాసు ఇంటికి నడిచాడు. బజారులో ఎవరు పలకరించినా తలెత్తలేదు.

దేవదాసు వాకిట్లో అటు తిరిగి కూర్చుని చిక్కుడు పందిరికి తాళ్లు కడుతున్నాడు. ముందుకు పోయి ఆ మొహం చూసే ధైర్యం లేక కాశీనాథం వెనకే ఆగిపోయాడు.

"దేవదాసన్నా, తప్పయింది. నా షోకు కోసం పదిమందిల నీ ఇజ్జత్ తీసిన. గా మాట అనేటప్పుడు నా నోరు ఎందుకు పడిపోలేదో. మళ్ల నా దిక్కు రాకున్నా సరే, ఒక్కసారి తిట్టన్న తిట్టు."

దేవదాసు చేతులు ఆగలేదు. తల తిప్పలేదు.

"గింత కోపమా అన్నా? నీ కాళ్లు మొక్కుత, ఒక్క మాట మాట్లాడు."

ఆ మాటలు విని దేవదాసు భార్య భారతమ్మ లోపలినుంచి వచ్చింది. చెయ్యి తుడుచుకుని గిటార్ అందుకుంది.

"ఎన్కనుంచి ఎంత జెప్తే ఏం లాభం సేటూ, ముందటికొచ్చి చెప్పు," అందామె మెల్లగా. "చెవులు పోయి రెండేండ్లాయె. గీ కట్టె పక్కటెముకలకు ఆని అదిరితెనే ఆయనకు పాట ఇనవడేది."