పచ్చ దీపం

కొత్త లెక్చరర్లకు డిగ్రీ కాలేజీలో ఇచ్చే శిక్షణలో హైమవతి ఒక్కచోటే తప్పుతోంది. “అర్థమైందా?” అనే మాట ఆమె నోటినుంచి పోవడం లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్నతో పనిలేదు. పిల్లలు మెదడును చదివే పట్టీలు తలకు కట్టుకుని కూర్చుంటారు. పాఠం బుర్రకెక్కితే బెంచీ మీద పచ్చ దీపం వెలుగుతుంది, ఎక్కకపోతే ఎర్రది. ఇంకా నోటితో అడగడమంటే యంత్రాన్ని అనుమానించడమేనట! అందుకే ఆ మాట అన్నప్పుడల్లా ఆమె చేతికి తొడిగిన కడియం చురుక్కుమంటుంది.

“మా నాన్నా పంతులే సార్. మాటమాటకీ అర్థమైందా అనేవాడు. అదే నాకూ అంటుకుంది” అంది హైమవతి, మణికట్టు రుద్దుకుంటూ.

“వదిలించుకోవాలమ్మా” అన్నారు శిక్షణ ఇచ్చే రత్నంగారు. “ఈరోజూ తప్పితే నిన్ను ఉంచరు. నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తుంటా.”

ఆరోజు పాఠం పొడవునా ఆ మాటను ఆమె పంటి బిగువున ఆపుకుంది. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. రత్నంగారు మెచ్చుకోలుగా తల ఊపారు.

అప్పుడు ఖాజావలి అనే విద్యార్థి లేచి నిలబడ్డాడు.

“నాకు అర్థం కాలేదు మేడం.”

అతని ముందున్న దీపం పచ్చగానే ఉంది. హైమవతి దీపాన్ని చూసింది, అతన్ని చూసింది, వెనక కూర్చున్న రత్నంగారిని చూసింది.

“నీకు అర్థమైంది. కూర్చో నాయనా.”

కడియం ఊరుకుంది.

ఖాజావలి వంగి తన దీపం చూసుకున్నాడు.

“సారీ మేడం. చూసుకోలేదు” అని కూర్చున్నాడు.