నాలుకయ్య తీర్పు

“థూ!”

నాలుకయ్య ఉమ్మడం ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఎవరికీ కొత్త కాదు. ఉమ్మడమే ఆయన ఉద్యోగం. ప్రతి వాయిలోంచీ ఒక బిస్కెట్టు తీసి కొరికి, నాలుక మీద ఆడించి, గిన్నెలో ఉమ్మి, నోరు పుక్కిలిస్తాడు. ఆయన బాగుందంటే సరుకు డబ్బాల్లోకి వెళ్తుంది, బాగాలేదంటే పశువుల దాణా బస్తాల్లోకి పోతుంది. కానీ ఇవాళ ఉమ్మింది గిన్నెలో కాదు, నేల మీద. పిండి కలిపే బావమరిది కాళ్ళ ముందు.

“ఇది బిస్కెట్టుట్రా? చక్కెర గడ్డకి గోధుమరంగు చొక్కా తొడిగావు!”

“పాత కొలతే బావా. ఒక్క గరిటె ఎక్కువ వెయ్యలేదు, ఒట్టు.”

“నీ ఒట్టు తీసి గట్టున పెట్టు! నువ్వు చెప్పేది నిజమా, నా నాలుక చెప్పేది నిజమా?”

“నరంలేని నాలుక బావా, ఎన్నైనా చెప్తుంది.”

డబ్బాలు నింపే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాలుకయ్య చెవులు ఎర్రబడ్డాయి.

ఆయనది కడుపుమంట. మండడానికి తప్ప ఆ కడుపులో ఇంకేమీ మిగల్లేదు మరి. రెండు నెలల కిందట రక్తపరీక్ష చూసి డాక్టరు “ప్రీడయాబెటిస్” అన్నాడు. “ఫ్రీగా వచ్చిందేదైనా మంచిదేగా” అని నవ్వబోయాడు నాలుకయ్య. డాక్టరు నవ్వలేదు. పక్కనున్న భార్య అసలే నవ్వలేదు.

“షుగరు ఇంకా లోపలికి రాలేదండీ, గుమ్మంలో నిలబడింది. తీపి, పిండిపదార్థాలు తగ్గిస్తే అటునుంచటే పోతుంది” అన్నాడు డాక్టరు.

అది గుమ్మం దాటలేదు గానీ, ఆ సాయంత్రమే అన్నం, రొట్టె, బంగాళాదుంప, చక్కెర డబ్బా ఒకదాని వెనక ఒకటి ఆ ఇంటి గుమ్మం దాటాయి. గుడ్డు, చేప, క్యాబేజీ, కీరదోస కుడికాలు పెట్టి లోపలికొచ్చాయి.

“పిండి మానమంటే నన్ను పిండేస్తున్నావేమిటే!” అని గోలపెట్టాడు.

“పిండితేగా కొవ్వు కారేది” అంది ఆవిడ క్యాబేజీ తరుగుతూ.

ఫ్యాక్టరీలోనూ అంతే. పూర్వం ఒకటి ఉమ్మితే, రుచి పేరు చెప్పి సగం పళ్ళెం మింగేవాడు. ఇప్పుడు గుటక వెయ్యనని భార్య తల మీద చెయ్యి పెట్టి వచ్చాడు.

దానికి తోడు లోకమంతా తన మీద కక్ష కట్టిందాయె! మొన్న పాలవాణ్ణి వీధిలో నిలబెట్టి, “పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళని చూశాను గానీ, చక్కెర కలిపేవాణ్ణి నిన్నే చూశానయ్యా!” అని కడిగేశాడు. పాలవాడు బెదిరిపోయి, తను కలిపింది నీళ్ళేనని ఒప్పేసుకున్నాడు. నిన్న క్యాబేజీలో చక్కెర చల్లావంటూ భార్య మీద విరుచుకుపడ్డాడు. “చల్లడానికి ఇంట్లో ఉంటేగా!” అందావిడ.

ఇక్కడ చూస్తే ఈ బావమరిది! వారం రోజులుగా వాయి వెనక వాయి దాణా బస్తాల పాలవుతోంది.

“అక్కేమో ఇంట్లో కరువు తెచ్చింది, తమ్ముడేమో ఇక్కడ వరద పారిస్తున్నాడు. మధ్యలో మునిగేది నేనా?” అని నాలుకయ్య అరుస్తుండగా యజమానురాలు మెట్లు దిగి వచ్చింది.

“ఏమిటండీ ఈ గోల? సరుకేదీ అని దుకాణాలవాళ్ళు నన్ను తింటున్నారు.”

“బిస్కెట్లు లేకపోతే మిమ్మల్నే తింటారు అమ్మగారూ! ఇన్నేళ్ళూ మన రుచి మారకుండా కాపలా కాసింది ఈ నాలుక. వీడు నాకు బావమరిదేమో గానీ బిస్కెట్టుకి కాడు. పంపించెయ్యండి!”

బావమరిది ముఖం పిండిలా పాలిపోయింది. “బావా! మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. ఇప్పుడు పని పోతే ఎక్కడికి పోను?”

“ఆ భయం చక్కెర గుమ్మరించేటప్పుడు ఉండాలి!”

యజమానురాలు ఆయన బల్ల మీదున్న టిఫిను డబ్బా వైపు చూసింది. “భోజనమా?”

“కీర ముక్కలమ్మా. ఇవీ తియ్యగానే ఏడిశాయి! ఎరువుకి బదులు చక్కెర చల్లుతున్నారు కాబోలు, దొంగలు!”

ఆమె ఒక ముక్క తీసుకుని నమిలింది. “సరే. తప్పెవరిదో ఇవాళే తేలిపోవాలి. ఎవరిదైతే వాళ్ళు రేపట్నించి ఆ పనిలో ఉండరు. సరేనా?”

“సరేనా ఏమిటమ్మా, సరేసరి!”

ఆమె బావమరిదిని వెంటబెట్టుకుని పిండి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి పొయ్యిలోంచి రెండు పళ్ళేలు బయటికొచ్చాయి.

“ఒకటి ఇతను కలిపింది. ఒకటి నేను కలిపింది. ఏది ఎవరిదో మీరే చెప్పండి.”

నాలుకయ్య మొదటి పళ్ళెంలోంచి ఒకటి కొరికాడు. “థూ! వీడిదే!”

“అవును, ఇతనిదే.”

ఈసారి ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. బావమరిది ఏప్రన్ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

నాలుకయ్య రెండోది కొరికి కళ్ళు మూసుకున్నాడు. రెండు నెలలుగా ముడిపడి ఉన్న కనుబొమలు విడిపోయాయి. ఒట్టు సంగతి మరిచిపోయి గుటక వేసేశాడు కూడా.

“ఆహా! ఇదీ మన బిస్కెట్టంటే! తీపి ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడ ఆగింది. ఒరేయ్, నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. చెయ్యి మంచిదైతే వాయి మంచిది! చక్కెర ఎంత వెయ్యాలో అమ్మగారిని చూసి నేర్చుకో!”

“ఖాయమేనా అండీ? మళ్ళీ మాట మార్చరుగా?” అంది యజమానురాలు.

“నా నాలుక మీద ఒట్టు!”

ఆమె బావమరిది చేతిలోని ఏప్రన్ తీసి, మడత విప్పి, మళ్ళీ అతని భుజాన వేసింది.

“నేను కలిపినదాంట్లో చక్కెరే లేదండీ.”