లాక్కునే క్యూబు

"ఈ మూడింట్లో ఏది తొందరగా తిరుగుతాది?"

ప్రొద్దుటూరు బజారులో బొమ్మల అంగడి నడిపే అమీర్ బాషా తలెత్తి చూశాడు. అడిగినవాడు పులివెందుల నారాయణ. యాభై దాటిన మనిషి, భుజాన టవలు. రంగుల క్యూబుల కోసం ఆ అంగడి మెట్లెక్కేది ఎప్పుడూ పిల్లకాయలే.

"ఎవరికి మామా? మనవనికా?"

"నాకే. ఆదివారం పోటీ ఉండాది. జమ్మలమడుగు నబీ రసూల్‌తో."

పోయినసారి అందరి ముందరా నారాయణ ఓడిపోయాడు. చేతిలోది తిరగనే లేదు. నబీ రసూల్ టీ చల్లారేలోపల ముగించేశాడు. అప్పటినుంచి జనం ఆయన్నే పిలుస్తున్నారు. ఇంకోసారి ఓడితే నారాయణను పిలిచే దిక్కుండదు. టీ అంగడి బెంచీ మీద జరిగి చోటిచ్చేవాడు కూడా ఉండడు. జనం అంతే.

"పోయినసారి ఏది వాడినావు?"

"ఇంట్లో ఉండేదే. పాతకాలంది."

"అదీ సంగతి!" బాషాకు హుషారొచ్చింది. "ఇది సాదాది. ముక్కల్లోనే అయస్కాంతాలు. దీనికేమో నడిమధ్య గుండులో కూడా ఉంటాయి, ముక్కల్ని లోపలికి లాక్కుంటాది. ఇది మ్యాగ్‌లెవ్. స్ప్రింగులే ఉండవు. అయస్కాంతాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాంటాయి. యేలు తగిల్తే చాలు, తిరుగుతాది. ఇదే తీస్కో."

"నెట్టేది వద్దప్పా. లాక్కునేది ఇయ్యి."

"స్పీడు కావాలంటే నెట్టేదే మామా!"

"నాకు యేలు తగలకుండా తిరగాల."

పెద్దాయన జోకేశాడనుకుని బాషా నవ్వాడు. "కండ్లు మూసుకుని చేసేటోళ్లు కూడా ఉండారు, తెల్సా?"

"నేనెప్పుడూ కండ్లు మూసుకునే చేస్తా."

"ఏందీ!"

"నడుచుకుంటా చేస్తా."

బాషా లేచి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. నారాయణ భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకున్నాడు. 'మా అంగట్లో ఛాంపియన్' అని స్టేటస్ పెట్టుకున్నాడు. నడిమధ్య గుండులో అయస్కాంతాలున్న క్యూబును తుడిచి, తానే సంచిలో వేసిచ్చాడు.

ఆదివారం పొద్దున, ఎండిపోతున్న చీనీ తోటలో బోరు ఎక్కడ వేయాలో నబీ రసూల్ టెంకాయ పట్టి చూపించి పక్కకు జరిగాక, క్యూబును దారానికి వేలాడదీసి కళ్లు మూసుకుని నడిచిన నారాయణను ఆ అయస్కాంతాలు నీళ్ల జాడకు కాకుండా, తిన్నగా తీసుకుపోయి గట్టున నిలబెట్టిన బోరు లారీకి అతికించాయి.