మూడు దెబ్బలు

తుపాను వెళ్ళాక డార్విన్ ఊరి అవతలి తీరంలో అలలు పెద్దవిగా లేస్తాయి. మసక చీకట్లో మెర్విన్ జీపు తలుపు మీద అరచేత్తో మూడుసార్లు కొట్టాడు. మొసలి తిరుగుతోంది, ఒడ్డుకు రమ్మని అర్థం. నీళ్ళలో ఉన్నవాళ్ళు సర్ఫ్ బోర్డు మీద మూడుసార్లు చరిచి బదులివ్వాలి.

పోయినేడు అతని కూతురు టీగన్ బదులివ్వలేదు. మొసలి కొరకగా మిగిలిన సగం బోర్డు ఇంకా జీపు వెనకే ఉంది.

"ఇంక పద బావా. నీళ్ళలో ఎవరూ లేరు," అన్నాడు బావమరిది డార్సీ.

నల్లటి నీళ్ళలోంచి బదులొచ్చింది. టప్. టప్. టప్.

మెర్విన్ కుట్టినచోట పోసే వెనిగర్ సీసా మూత తీశాడు. "జెల్లీఫిష్‌లు ఒళ్ళంతా కుట్టేసుంటాయి పిచ్చితల్లిని," అంటూ మళ్ళీ చెయ్యెత్తాడు.

డార్సీ ఆ చేతిని పట్టుకున్నాడు. "వద్దు బావా. పిలవకు."

"చీకట్లో ఒక్కతే ఉందిరా."

విడిపించుకుని కొట్టాడు.

ఈసారి బదులు జీపు వెనకనుంచి వచ్చింది.